శరణు కోరినవారిని అప్పగించవచ్చా?

మక్కాలో ఖురైషీల హింస భరించలేక క్రీ.శ. 615 ప్రాంతంలో దైవప్రవక్త (స) సహచరులు కొందరు ఎర్రసముద్రం దాటి అబిసీనియాలో తలదాచుకున్నారు. ఖురైషీలు అక్కడికీ వెంటబడ్డారు. కానుకలతో ఇద్దరు దూతలను పంపి, శరణార్థుల మాట వినకుండానే అప్పగించేలా ఆస్థాన పెద్దలను మంచి చేసుకున్నారు. క్రైస్తవుడైన నజాషీ రాజు అందుకు ఒప్పుకోలేదు. హజ్రత్ జాఫర్ (రజి) చెప్పిందంతా విని, కానుకలు తిప్పి పంపాడు.

ఈ వృత్తాంతం మనకు తెలిసిందే. అయితే సరిహద్దులు దాటి మనుషులను వెంటాడే ప్రభుత్వాలు ఈనాడూ ఉన్నాయి. మన గుంటూరు సీమకు వచ్చిన అతిథులకూ ఆ బాధ తప్పలేదు.

2006 జనవరిలో అప్పటి గుంటూరు జిల్లా అమరావతిలో దలైలామా కాలచక్ర మహాసభలు జరిపారు. లక్షమందికి పైగా హాజరయ్యారు. 1959లో టిబెట్ వదిలి మన దేశాన్ని ఆశ్రయించిన ఆయన, వన్యప్రాణుల తోళ్ళు ధరించవద్దని అక్కడ చెప్పారు. ఆ మాట విని టిబెట్‌లో జనం తోళ్ళు కుప్పపోసి తగలబెడితే, చైనా అధికారులు దాన్నీ ధిక్కారంగానే చూశారు. 2012లో బుద్ధగయ కాలచక్రకు వచ్చి తిరిగి వెళ్ళిన వందలాది టిబెటన్లను నిర్బంధించారు. 2017 సభలప్పుడు ఇళ్ళలో ఉన్నవారిని బెదిరించి, యాత్రికులను వెనక్కి రప్పించారు.

ఉయిగుర్ ముస్లిములదీ ఇదే గోడు. 2017లో ఈజిప్టు ప్రభుత్వం అక్కడ చదువుకుంటున్న ఉయిగుర్ విద్యార్థులను పట్టుకుని, కొందరిని చైనాకు పంపేసింది. నజాషీ చేయని పనిని ఒక ముస్లిం దేశం చేసింది!

మన దేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. అయినా, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులకే పరిమితం కాదని చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. రోహింగ్యాల కేసులో మాత్రం, నిర్ణీత పద్ధతి ప్రకారం వారిని స్వదేశానికి పంపవచ్చని 2021లో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. హైదరాబాద్ బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాలకు ఇది జీవన్మరణ సమస్య.

శరణు కోరినవాడు బహుదైవారాధకుడైనా అభయమిచ్చి, సురక్షిత స్థలానికి చేర్చాలని తౌబా సూరా ఆరో ఆయతు ఆదేశం. కనుక మతమేదని అడగకుండా ముందు వారి మాట విందాం. వారి ఫోటోలు, చిరునామాలు నలుగురిలో పెట్టకుండా కాపాడదాం. బెదిరింపులు వస్తే వకీలు దగ్గరికి, మానవ హక్కుల కమిషన్ దగ్గరికి తోడు వెళదాం. రాజ్యం లేకపోయినా నజాషీ బాటలో మనం ఈ మాత్రం నడవగలం.