వడిసెలకు మట్టి ఉండలు

జొన్న కంకి పాలు పోసుకునే వేళకు పిట్టల బెడద మొదలు. మందు దట్టించే నాటు తుపాకికి 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావలెను. అంత దూరం ఎందుకండీ, మంచె మీద వడిసెల చాలు. గులకరాయి మాత్రం పెట్టవద్దు. మా ఫిర్కాలో అలా విసిరిన రాయి పక్క చేలో ఎద్దు కన్ను తీసింది. ఆ రెండిళ్లకూ ఇప్పటికీ మాటల్లేవు.

చెరువు ఒండ్రులో రాళ్లేరి, గట్టిగా పిసికి, నిమ్మకాయంత ఉండలు చేసి నీడలో ఆరబెట్టవలెను; ఎండలో పగులుతాయి. కాల్చారో, మళ్లీ రాయే! ఆరిన ఉండ నేలకు తగిలితే పొడి అవుతుంది. అయినా దెబ్బ దెబ్బే, మనిషీ పశువూ ఉన్న వైపు విసరకండి. కొత్తవారు ముందు ఖాళీ బీడులో అలవాటు చేసుకోవాలి. పిట్టను కొట్టనక్కరలేదు, కంకుల మీదుగా పోతే చాలు, గుంపు లేస్తుంది.