వాకిట్లో పాకురు

మానేరు వంతెనకు ఇవతల, తంగళ్ళపల్లిలో మా ఇల్లు. వాకిలి నిండా షాబాదు బండలు. సంక్రాంతికి వాటి మీద ముగ్గు వేస్తే ముచ్చటగా ఉంటుంది గాని, శ్రావణం వచ్చేసరికి ఆ బండలే మన మీద పగబడతాయి. మొన్నటి వానాకాలానికి ముందటి వానాకాలం మా అమ్మ తెల్లవారుజామున తులసికోట దగ్గరికి పోతూ జారిపడింది. మణికట్టు విరిగింది. తుంటి విరగనందుకు సంతోషించాం.

కోస్తా వారు పాచి అనేదాన్ని మా వైపు పాకురు అంటాం. రావూరి భరద్వాజ గారి ‘పాకుడురాళ్ళు’ నవల గురించి క్లాసులో గంటలకొద్దీ చెప్పిన నాకు, మా వాకిట్లోని పాకుడురాళ్ళు మాత్రం అమ్మ పడిందాకా కనబడలేదు!

కోపం వచ్చింది. "ఆసిడ్ పొయ్యుండ్రి సారూ, అద్దం తీరుగైతది" అన్నాడు మేస్త్రి. పోశాను. బుసబుసమని నురగ లేచింది. పాకురు చస్తోందని మురిసిపోయాను. చచ్చింది బండ! షాబాదు బండ, తాండూరు బండ రెండూ సున్నపురాళ్ళే. ఆసిడ్ తగిలితే రాయి కరిగి, బొగ్గుపులుసు వాయువు నురగై పైకి వస్తుంది. నున్నటి బండ గరుకు తేలుతుంది. ఆ గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. మరుసటి ఏడు పాకురు ముందుగా పట్టేది అక్కడే. మన కరీంనగరు గ్రానైటు మాత్రం అంత తేలిగ్గా లొంగదు. మీది ఏ రాయో తెలియకపోతే, ఎవరికీ కనబడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి. సన్నగా పొంగితే ఆసిడ్ జోలికి పోవద్దు.

అంతటితో ఊరుకున్నానా? ఆ తడి ఆరకముందే బ్లీచింగ్ పౌడరు డబ్బా తెచ్చాను. మా ఆవిడ లాక్కుంది గనుక బతికాను. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. 1915లో ఈప్ర్ యుద్ధరంగంలో జర్మన్లు శత్రువుల మీదికి వదిలింది దాన్నే.

పాకురుకు వేళ్ళు లేవు. తడీ, నీడా, కాస్త దుమ్మూ ఉంటే చాలు. అందుకని ముందు గట్టి కొబ్బరి చీపురుతో గీకాలి. తర్వాత బకెట్టు నీళ్ళలో నాలుగు చెంచాల బ్లీచింగ్ పౌడరు ఒక్కటే కలిపి చల్లి, పావుగంట ఆగి, రుద్ది కడగాలి. చేతికి తొడుగులు వేసుకోండి; ఆ నీళ్ళు తులసి మొదట్లోకి పోనీయకండి. ఇంత చేసినా నీళ్ళు నిలిచే చోట అది మళ్ళీ వస్తుంది. మేము ఆ వరస బండలు లేపించి, పది అడుగులకు అంగుళంన్నర వాలు పెట్టించాం. మీదికి వంగిన జామకొమ్మ కొట్టించాం. ఎండ పడింది.

మరకల సంగతి చిన్నదే. స్కూటరు నూనె కారితే దాని మీద ముగ్గుపిండి దట్టంగా పోసి, రాత్రంతా ఉంచి, పొద్దున ఊడ్చెయ్యండి, చాలావరకు పీల్చేస్తుంది. ఇనుప బకెట్టు తుప్పు మరకకు నిమ్మకాయ రుద్దమంటారు. సున్నపురాయి మీద అదీ కూడదు, మరక పోయినా మచ్చ మిగులుతుంది.

నేను ఆసిడ్ పోసిన బండ ఇప్పటికీ గడప ముందు తెల్లగా పాలిపోయి ఉంది. చుట్టాలు వస్తే మా అమ్మ దాన్ని చూపించి, "గిది మా కొడుకు చదువు" అంటుంది.