వాన వెలిస్తే పాలకొండల పిలుపు
పెండ్లిమర్రి దారిలో ఆలుమగల ఒకరోజు యాత్ర

పెండ్లిమర్రి: ఎండలకు పేరుమోసిన కడప జిల్లాలో జలపాతాలేమిటని బయటి ఊళ్లవాళ్లు ఆశ్చర్యపోవచ్చు. ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే నేల ఇది. నైరుతి రుతుపవనం కొంత తడిపిపోతుంది, ఈశాన్య రుతుపవనం మరికొంత తడిపిపోతుంది. ఏ ఒక్కటీ కడుపు నింపదు. అయినా గట్టివాన ఒకటి పడిందంటే చాలు, పాలకొండల వరుస రూపే మారిపోతుంది. నిన్నటిదాకా కాలితే బొబ్బలెక్కే బండల మీద తెల్లని ధారలు దిగుతాయి. ఆ నాలుగు రోజుల సంబరం చూడటానికి మోటారు సైకిళ్ల మీద జంటలు బయలుదేరుతాయి.

పేరులోనే పెండ్లినీ మర్రినీ పెట్టుకున్న ఈ ఊరు అలాంటి యాత్రకు నడిమి మజిలీ. కడప నుంచి వేంపల్లె మీదుగా పులివెందుల పోయే దారి ఈ మండలం గుండా సాగుతుంది. తూర్పుకు తిరిగితే కడప దాపున పాలకొండల జలపాతం. దక్షిణాన కొండల నడుమ పొలతల మల్లేశ్వరస్వామి క్షేత్రం. నైరుతి దిక్కున పాపాఘ్ని కొండను చీల్చుకొని వచ్చే గండి. పొద్దున్నే బయలుదేరితే మూడింటినీ చూసుకొని చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు. కడప - బెంగళూరు రైలుమార్గానికి మొదట పట్టాలు పడింది కడప నుంచి పెండ్లిమర్రి వరకే. కానీ వానాకాలం షికారుకు రోడ్డే మేలు. నచ్చినచోట ఆగవచ్చు.

వానరోజే సెలవు

సేద్యగాళ్ల ఇళ్లలో ఆలుమగలు కలిసి బయటికి పోవడం తక్కువ. పెళ్లికో, తిరునాళ్లకో, ఆసుపత్రికో తప్ప ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరకదు. గట్టివాన పడిన మరుసటి రోజు మాత్రం చేను బురదగా ఉంటుంది. మడక దిగదు, కలుపు తీయడానికి లేదు, కూలిపని ఉండదు. నేల పదునుకు రావడానికి పట్టే ఆ ఒకటి రెండు రోజులే పల్లెలో అసలైన సెలవు. వాగులు పారేదీ, జలపాతం దుమికేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

పాలవంటి ధార

కొండ మీది నుంచి జారే నీళ్లు పాలలా కనిపిస్తాయి కనుకే పాలకొండలనే పేరు వచ్చిందని చెబుతారు. కడపకు కూతవేటు దూరంలో ఉన్న ఈ జలపాతం వానల్లో తప్ప కనిపించదు. ఇక్కడి రాయి మహా గట్టిది, నీటిని తాగదు. పడిన వాన పడినట్టే వంకల్లోకి జారిపోతుంది. అందుకే ధార ఎంత త్వరగా పుడుతుందో అంత త్వరగా సన్నబడుతుంది.

ఈ రాళ్లకు మరో ఘనత ఉంది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద వెలువరించిన గ్రంథంతో ఇవి ప్రపంచానికి తెలిశాయి. వేంపల్లె పేరు మీద, పాపాఘ్ని పేరు మీద శిలాశ్రేణులకు నామకరణం జరిగింది. పులివెందుల ప్రాంతపు శిలల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. జంట కూర్చుని కాళ్లు తడుపుకునే బండ అంత ముసలిదన్నమాట!

పైకి ఎక్కడానికి నున్నని చెప్పులు పనికిరావు. నాచు పట్టిన బండ మీద అడుగు నిలవదు. చీర కుచ్చిళ్లు ఎత్తికట్టుకున్న ఇల్లాలికి చేయి అందించి ఎక్కించే మగడు, సగం దారిలో ఆయాసపడితే వెనక్కి తిరిగి నవ్వే ఇల్లాలు ఇక్కడి కాలిబాటల్లో మామూలు దృశ్యం. ఇవి ఎర్రచందనం పెరిగే అడవులు. కాబట్టి దారి తప్పి లోపలికి పోరాదు. అటవీ సిబ్బంది అడిగితే జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఎర్రకారం దోసె, వేడి సంగటి

తడిసిన ఒంటికి ఆకలి ఎక్కువ. పొద్దున పూట దారి పక్క పెనం మీద ఎర్రకారం పూసి, పుట్నాలపొడి చల్లిన కారందోసె ఉంటుంది. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని, దానికి జతగా మిరపకాయ బజ్జీ ఉంటాయి. ఒక పొట్లం కొంటే ఇద్దరికీ సరిపోతుంది, కారం మాత్రం ఎవరిది వారే భరించాలి. మధ్యాహ్నానికి రాగిసంగటి ముద్ద, నాటుకోడి పులుసు. కూర తిననివారికి చెనిక్కాయల ఊరిబిండి. సాయంత్రం వాన తుంపరలో ఉడకబెట్టిన చెనిక్కాయలు, కాల్చిన మొక్కజొన్న పొత్తు. పులివెందుల వైపు నుంచి వచ్చే చీనీపండ్లు ఇంటిదగ్గర పిల్లలకు.

పొలతల నుంచి గండికి

కార్తీక సోమవారాల్లో, శివరాత్రికి జనంతో కిటకిటలాడే పొలతల మామూలు వానరోజున నిశ్శబ్దంగా ఉంటుంది. కోనలో వంక పారే చప్పుడే మేళతాళం.

వేంపల్లె దాటి గండికి చేరితే కొండ రెండుగా చీలి, నడుమ పాపాఘ్ని కనిపిస్తుంది. కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టిన ఈ నది ఇక్కడ పాలకొండలను దాటి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. లంక నుంచి తిరిగివస్తున్న రాముడు ఇక్కడ ఆగి, బాణపు మొనతో బండ మీద ఆంజనేయుని రూపు గీశాడనీ, చిటికెన వేలు మాత్రం వదిలేశాడనీ స్థలపురాణం. శ్రావణ శనివారాల్లో ఇక్కడ పెద్ద ఉత్సవాలు జరుగుతాయి. వాయుదేవుడు రెండు కొండల నడుమ కట్టిన బంగారు తోరణం పుణ్యాత్ములకే కనిపిస్తుందని నమ్మకం. దత్తమండలాల కలెక్టరుగా పనిచేసిన సర్ థామస్ మన్రో దానిని చూశాడని జనం చెప్పుకుంటారు. ఆయన 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు.

నీళ్లు ఎర్రబడితే లేవాలి

ఈ అందానికి రెండో ముఖం ఉంది. పాలకొండల్లో పుట్టే బుగ్గవంకే 2001లోనూ, 2020 నవంబరు నివర్ తుపానులోనూ పొంగి కడప పట్టణాన్ని ముంచింది. 2021 నవంబరు వానలకు కమలాపురం వద్ద పాపాఘ్ని వంతెన కూలింది. అదే నెల 19న చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగి ఎన్నో ప్రాణాలు పోయాయి.

కొండ కింద ఎండ కాస్తున్నా పైన వాన కురుస్తూ ఉండవచ్చు. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, పుల్లలు, ఆకులు కొట్టుకొచ్చినా, చప్పుడు పెరిగినా వెంటనే ఒడ్డు ఎక్కాలి. తీసుకుందామనుకున్న ఫోటో మరోసారి తీసుకోవచ్చు. చప్టా మీద నీరు పారుతుంటే బండి దింపకూడదు. ఆరంగుళాల లోతు వడినీరే మనిషిని పడదోస్తుంది. అడుగు లోతైతే చిన్న కారును సైతం తోసుకుపోతుంది. ఎదుటి ఒడ్డు పది గజాల్లో కనిపిస్తున్నా, నీరు తగ్గేదాకా ఇవతలే ఆగడం వివేకం. ఆలస్యమైనందుకు ఇంట్లో పెద్దవాళ్లు నాలుగు మాటలంటే అనిపించుకోవచ్చు.

జలపాతాల దగ్గరా, వాగులు అడ్డంగా పారే చప్టాల దగ్గరా తెలుగులో ఒక హెచ్చరిక బోర్డు, నీటి లోతు చూపే గుర్తురాయి, జారే బండల పక్క పట్టుకోవడానికి ఇనుప గొలుసు ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చు కాదు. ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకోవడానికి ఒక గది కూడా అవసరం. ఏడాదిలో నాలుగు రోజులే వచ్చే జలపాతమని అధికారులు ఉపేక్షించరాదు. జనం వచ్చేదీ, ప్రమాదం పొంచి ఉండేదీ ఆ నాలుగు రోజులే.