ఎవరి కొరకు ఈ పటము?

చేతిలో కళ యున్నవారు మనలో ఎందరో కలరు. బొమ్మలు వేయువారు, అద్దకము పని నేర్చినవారు, పాటలు కట్టువారు, కథలు చెప్పువారు, వీరిలో ఆ కళతోనే జీవింపదలచిన ప్రతివారిని ఒక ప్రశ్న వేధించుచుండును. “మా పనిని ఆదరించువారెవరు?” దీనికి చాలమంది తమకు తాము చెప్పుకొను సమాధానము “అందరును” అని. అందరికిని నచ్చునట్లు చేసినచో ఎవరో ఒకరు కొనకపోవుదురా యని వారి ఆశ. కాని అందరి కొరకు చేసిన వస్తువు తరచుగా ఎవరిదియు కాకుండ పోవును. మన ప్రాంతపు కళలనే సాక్ష్యముగా తీసికొని ఈ విషయమును కొంచెము విచారింతము.

నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీలనబడు చిత్రకారులు కలరు. వారు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూత పూసి ఆరవేయుదురు. దానిపై బొమ్మలు గీసి, వెనుక భాగమంతయు ఎర్రరంగుతో నింపుదురు. పూర్వపు పటములు సుమారు 3 అడుగుల వెడల్పున, 40 అడుగులకు పైబడిన పొడవున నుండెడివి. ఒక్కొక్క గడిలో కథలోని ఒక్కొక్క ఘట్టము. పటమును చుట్టగా చుట్టి ఊరూర మోసికొని పోయెడివారు.

ఈ పటమును చిత్రకారుడు అంగడిలో పెట్టి అమ్ముటకు వ్రాసినవాడు కాడు. వ్రాయించుకొనువాడు కథకుడు. ఆ కథను పోషించి వినువారు ఒక కులమువారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారు చెప్పుదురు. ముదిరాజులకు పాండవుల కథను కాకిపడగలవారు వినిపింతురు. మాదిగలకు జాంబపురాణమును డక్కలివారు చెప్పుదురు. కనుక చిత్రకారుడు కుంచె పట్టుటకు ముందే మూడు సంగతులు ఎరిగియుండును: కథ ఏది, చెప్పువాడెవడు, చూచువారెవరు.

ఆ ఎరుకయే పటమునకు రూపము నిచ్చినది. చూచువారు దూరముగ కూర్చుందురు గనుక రంగులు గాఢముగ నుండవలెను, గీతలు స్పష్టముగ నుండవలెను. కథకుడు వరుసగా చూపుచు చెప్పును గనుక గడులు కథాక్రమమున నడువవలెను. వినువారు పల్లెవారు గనుక పటములోని మనుష్యులును పల్లెవారి కట్టుబొట్టులతోనే కనిపింపవలెను. చూచువారు కొద్దిమందియే యనుట చిత్రకారునకు సంకెల కాలేదు. ఆ పటమునకు గల ప్రత్యేకత యంతయు అందుండియే పుట్టినది.

కాలము మారినది. సినిమా వచ్చినది, తరువాత టెలివిజన్ వచ్చినది. రాత్రులు కథ వినువారు తగ్గిరి. ఈ లెక్కలో రేడియోను మాత్రము తప్పించుట న్యాయము కాదు. కథకులు తగ్గగా పటములు వ్రాయించువారు తగ్గిరి. నేర్పు తగ్గలేదు, కుంచె అరగలేదు, పోయినవాడు చూచువాడు. ఒక కళ ఆగిపోవుటకు ఈ ఒక్క లోటు చాలును.

అప్పుడు మిగిలిన చిత్రకారులు మరియొక ప్రేక్షకుని వెదకికొనిరి. ఆతడు పట్టణములోని గృహస్థుడు. ఆతని గోడపై 40 అడుగుల పటము పట్టదు, కావున ఒకటి రెండు ఘట్టములే చిన్న పటముగ వెలసినవి. ఆతనికి పురాణకథ తెలియకపోవచ్చును, కావున చూచినంతనే అర్థమగు పల్లె జీవితపు దృశ్యములు ఎక్కువైనవి. కొబ్బరి చిప్పల మీద ముఖములు, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి చేసిన బొమ్మలు ఇండ్లలోనికి వచ్చినవి. ఇందు నష్టము లేకపోలేదు. పటము నుండి కథకుని గొంతు విడిపోయినది. అయినను ఎర్రని రంగు, ఆ గీత, ఆ ముఖకవళికలు నిలిచినవి. మారిన దేది, మారనిది ఏది యని పోల్చి చూచినచో, వృత్తి కళాకారునకు కావలసిన పాఠమంతయు ఇందే యున్నది.

ఒకే విద్య ఇద్దరు ప్రేక్షకుల వలన రెండు రూపములు తాల్చుటకు కలంకారీ మరియొక నిదర్శనము. కరక్కాయ, పాలు, పటిక, బెల్లములో నానిన ఇనుము, ఈ సామగ్రి మచిలీపట్నములోను శ్రీకాళహస్తిలోను ఇంచుమించు ఒక్కటియే. మచిలీపట్నపు అద్దకము ఓడలెక్కి పర్షియాకును పోయినది. అచ్చటివారు కోరిన పూలతీగెలు, ఆకుల అల్లికలు అందు వృద్ధిచెందినవి. శ్రీకాళహస్తి పనివారు దేవాలయముల కొరకు వ్రాసిరి. కావున అచ్చట కలముతో తీర్చిన రామాయణ, భారత ఘట్టములు, వాని క్రింద తెలుగు అక్షరములు వెలసినవి. ఏది గొప్పయని యడుగుట వ్యర్థము. ప్రతిదియు తన చూపరిని ఎరిగినది.

రేడియోలోను ఇంతే. మద్రాసు కేంద్రమున పిల్లల కార్యక్రమములు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను శ్రోతలు రేడియో అన్నయ్య, అక్కయ్య యనిరి. వారు ఎవరితో మాటలాడిరో ఆ పేర్లే చెప్పుచున్నవి.

అయితే క్రొత్తగా పని మొదలిడువారు తమ ప్రేక్షకుని ఎట్లు కనుగొనవలెను? మొదట, తమ పనిని ఇదివరకే అడిగి తీసికొనినవారెవరో వ్రాసికొనవలెను. మెచ్చుకొనినవారి జాబితా వేరు, కొనినవారి జాబితా వేరు. చేతిఫోనులో చిత్రమును చూచి బాగున్నదను వేయిమంది కంటె, వెల యడిగిన పదిమంది ఎక్కువ సంగతులు నేర్పుదురు. రెండవది, ఆ వస్తువు వారి ఇంట ఎచ్చట నుండునో, ఏ శుభకార్యమునకు పనికివచ్చునో విచారింపవలెను. కొలతయు వెలయు అందుండియే తేలును. మూడవది, కాదనువారి కొరకు పనిని మార్చుచు పోరాదు. వెల తగ్గింపుమనువాడు ఒక్కొక్కప్పుడు మనకు సంబంధించిన ప్రేక్షకుడే కాకపోవచ్చును.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. నేటి ప్రేక్షకుడు రేపు ఉండకపోవచ్చును. అందుచేత కళాకారుడు తన పనిలో ఏది కొనువాని కొరకు మార్చదగినది, ఏది ఎవరి కొరకును మార్చరానిది యను విభాగమును ముందే చేసికొనవలెను. చేర్యాల చిత్రకారులు పటము పొడవును వదలుకొనిరి, గీతను వదలుకొనలేదు. గీతను వదలుకొనియున్నచో క్రొత్తవాడు వచ్చి కొనుటకు వారి చేత ఏమియు మిగిలి యుండెడిది కాదు.