ఐస్ రింక్ అద్దె లెక్కే వేరు

కండ్లకోయ (మేడ్చల్): 2025 ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణ స్కేటర్ నయనశ్రీ తాళ్లూరి స్వర్ణం సాధించారు. శివారు చిన్నారులకూ ఆ బాట దొరకాలంటే ప్రభుత్వం ఐస్ రింక్ నిర్మించినంత మాత్రాన చాలదు.

60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పున పరచిన మంచు కరగకుండా శీతలీకరణ యంత్రాలు రాత్రింబవళ్లు పనిచేయాలి. ఆట లేకున్నా విద్యుత్ బిల్లు తప్పదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో ఈ భారం మరింత అధికం. అందువల్లనే అమెరికా, కెనడా పురపాలికలు గంటల లెక్కన అద్దె వసూలు చేస్తాయి. సాయంత్రాలు, సెలవు దినాల్లో ఎక్కువ, రద్దీ లేని వేళల్లో తక్కువ. బాలల జట్లకు రాయితీ ఇస్తారు.

2011లో డెహ్రాడూన్‌లో ప్రారంభమైన రింక్ నిర్వహణ ఖర్చు భరించలేక ఏళ్ల తరబడి మూతపడింది. 2025లో తిరిగి తెరుచుకుంది. అద్దె, రాయితీ, విద్యుత్ భారం ఎవరిదన్నది పునాదికి ముందే తేలాలి.