అవ్వకు ఆరడుగుల నేల

బస్తర్ పల్లెలలో క్రైస్తవ కుటుంబానికి చెందిన ముసలి అవ్వ ప్రభువునందు నిద్రించినదంటే, ఆ ఇంట పాటలు ఆగవు. చదువెరుగని అవ్వ విని విని కంఠస్థం చేసుకొన్న కీర్తనలనే మనుమలు, మనుమరాండ్రు ఆమె తలాపున కూర్చుండి హల్బీలోనో గోండీలోనో పాడుతారు. ఆ వంశంలో మొదట బాప్తిస్మం పొందినది ఆమెయే కావచ్చు. పొరుగింటి బిడ్డ జ్వరపడితే మోకాళ్లూని ప్రార్థించినది ఆమెయే కావచ్చు. పాస్టరు ప్రసంగంకంటె ఇటువంటి జ్ఞాపకాలే ఎక్కువసేపు సాగుతాయి. పిదప పెట్టెను గోతిలోకి దింపి, ఒక్కొక్కరుగా పిడికెడు మన్ను వేస్తారు. తిరిగి కలుసుకొందుమన్న నిరీక్షణ ఆ దుఃఖానికి ఊతం.

అయితే కొన్నేండ్లుగా ఇక్కడ ఆ మన్ను ఏ ఊరిదన్నదే వివాదమైనది.

చనిపోయినవారు ఊరిని విడిచిపోరన్నది బస్తర్ ఆదివాసుల ప్రాచీన విశ్వాసం. మాడియా గోండులు గతించినవారి పేర రాతి స్తంభాలో, కొయ్య స్తంభాలో నిలుపుతారు. దంతెవాడ సమీపాన గామావాడలో అటువంటి రాళ్లను నేటికీ చూడవచ్చు. పూర్వాచారం విడిచినవారిని ఊరి నేలలో పూడ్చితే గ్రామదేవతలు అలుగుతారని పలువురి భయం. దానిని తేలికగా కొట్టివేయరాదు. కాని ఊరి పొలాలలో చెమటోడ్చిన అవ్వ, మతం మారినంత మాత్రాన ఆ ఊరిది కాకుండా పోతుందా?

2024 ఏప్రిల్‌లో ఛింద్‌బహార్ గ్రామస్థుడొకరు మరణించినప్పుడు ఈ ప్రశ్న హైకోర్టుకు చేరినది. గౌరవప్రదమైన అంత్యక్రియ జీవించే హక్కులో భాగమేనని న్యాయస్థానం భావించి, సొంత భూమిలో సమాధి చేయుటకు అనుమతించి, పోలీసు రక్షణ కల్పించుమన్నది.

మరుసటి సంవత్సరం ఛింద్‌వాడా గ్రామానికి ఆ భాగ్యం కలుగలేదు. 2025 జనవరి 7న అక్కడ ఒక వృద్ధ పాస్టరు మరణించాడు. ఆయన తండ్రిని 2007లోను, కుటుంబంలోని మరొక స్త్రీని 2015లోను ఆ ఊరి నేలలోనే ఉంచారు. కుమారుడు రమేశ్ బఘేల్ కోరినదీ తాతగారి దరిని ఇంత చోటు. అది కాదంటే సొంత పొలం. గ్రామస్థులు అడ్డుకొన్నారు, హైకోర్టు నిరాకరించినది. దేహం జగదల్‌పూర్ ఆస్పత్రి శవాగారంలోనే ఉండిపోయినది.

జనవరి 27న సుప్రీంకోర్టు ధర్మాసనంలోనూ ఏకాభిప్రాయం కుదరలేదు. సొంత పొలంలో సమాధి చేయనివ్వాలని జస్టిస్ బి.వి. నాగరత్న, నిర్ణీత శ్మశానంలోనే జరగాలని జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ అభిప్రాయపడ్డారు. ఇటువంటప్పుడు వ్యాజ్యం విస్తృత ధర్మాసనానికి వెళ్లడం రివాజు. కాని అప్పటికే ఇరవై దినాలు గడచినవి. దేహం ఇంకా నిరీక్షించజాలదు. కనుక న్యాయమూర్తులిరువురు తమ భేదాన్ని పక్కనపెట్టి, కర్కాపాల్ గ్రామంలోని క్రైస్తవ శ్మశానంలో పోలీసు రక్షణతో అంత్యక్రియ జరపవలెనని ఆదేశించారు.

కర్కాపాల్ ఛింద్‌వాడాకు ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరం. తాతగారి సమాధికి ఆ ఇంటి పిల్లలు నడచి వెళ్లగలరు. తండ్రి సమాధిపై పువ్వు ఉంచాలంటే బండి కట్టించుకొని బయలుదేరాలి.