దైవనడిపింపును గుర్తించుట యెట్లు?



“దేవుడు నన్నిట్లు నడిపించెను” అను మాట క్రైస్తవ గృహములలో తఱచుగా వినబడును. పెండ్లి కుదిరినను, పొలము కొన్నను, ఉద్యోగము మారినను ఈ మాటయే చెప్పుదురు. కాని మన కోరికకు దేవుని పేరు పెట్టుకొనుట మిక్కిలి సులభము. కావున నిజమైన నడిపింపును గుర్తించు విధమును గూర్చి నేడు మీకు మనవి చేసెదను.

నేను నివసించు హైదరాబాదు నగరమందు, అమీరుపేటలో రెండు మెట్రో రైలు మార్గములు కలియును. ఒకటి పంజాగుట్ట మీదుగా ఎల్.బి. నగరునకును, వేఱొకటి నాగోలునకును పోవును. ఏ బండి యెచ్చటికి పోవునో పలకను చూచి తెలిసికొనవచ్చును. మీ గ్రామముల యువకులు కంప్యూటరు విద్యకై ఆ పేటకే వచ్చి, అద్దెగదులలో నుండి, ఏ ఉద్యోగము, ఏ దేశము అని తర్కించుకొనుచుందురు. బ్రదుకుదారికి అట్టి పలక లేదు. వారు తుదకు సలహా అడుగునది మిమ్మే.

ఒక నిజమైన దృష్టాంతమును చెప్పెదను. అమెరికా బాప్టిస్టు మిషనరీయగు జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరిరి. వారి బడికి అగ్రవర్ణముల బాలురు వచ్చుచుండిరి. ఇంతలో యర్రగుంట్ల పేరయ్య మొదలగు మాదిగ సోదరులు విశ్వాసులైరి. వీరిని చేర్చుకొన్నచో మా పిల్లలను మాన్పింతుమని పెద్దకులములవారు తెలిపిరి. దొరగారు ప్రార్థించి గ్రంథము తెఱచిరి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, దేవుడు లోకము తృణీకరించినవారినే యేర్పఱచుకొనెనని చెప్పు భాగము కంటబడెను. వేఱొక గదిలో భార్యకును, ఆమె గ్రంథమున, ఆ భాగమే కనబడెను. వారు పేదలను చేర్చుకొనిరి. అగ్రవర్ణముల బాలురు బడి విడిచిపోయిరి.

ఇందు పుట తెఱచుట ప్రధానము కాదు. పుట యేదైనను తెఱచుకొనవచ్చును. ఆ నిర్ణయము క్రీస్తు నడవడికి సరిపోయెను. ఇద్దఱి మనస్సులు ఏకమయ్యెను. దానివలన వచ్చిన నష్టమును వారు సహించిరి. ఈ మూడును కలిసినందుననే అది నడిపింపని చెప్పదగియున్నది.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున ఘోర క్షామము కలిగెను. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి కల్పించిరి. బాప్తిస్మము నిమ్మని అనేకులు వేడినను, అన్నమునకై మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై, క్షామసహాయము ముగియువఱకు ఇయ్యరైరి. పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లాభమాశ తొలగిన పిదపను నిలిచినదే దేవుని పిలుపని ఆ నిరీక్షణ తేటపఱచెను.

హైదరాబాదు గోల్కొండ చౌరస్తాయందలి హెబ్రోను సంఘమునకు ఆద్యులైన భక్తసింగుగారును తొందరపడలేదు. 1941లో మద్రాసున సంఘసేవ నారంభించుటకు ముందు, వారు సహవాసులతో పల్లవరపు కొండపై రాత్రియంతయు ప్రార్థనలో గడిపిరి. ఒంటరి మనస్సు తన్ను తానే మోసపుచ్చుకొనవచ్చును. పదిమంది దైవభక్తుల మధ్య ఆ మోసము నిలుచుట కష్టము.

కావున ఎవడైనను “ఇది దేవుని చిత్తము” అని మీ యొద్దకు వచ్చినయెడల, గద్దింపక నాలుగు సంగతులు అడుగుడు. ఇది క్రీస్తు బోధకు ఒప్పునా? భక్తులైన వారితో కలిసి ప్రార్థించితివా? లాభము లేకున్నను చేయుదువా? కొంతకాలము వేచియుండగలవా? దేవుడు నడిపించుచున్న మార్గమైనచో ఈ ప్రశ్నలవలన చెడదు. మన కోరికయే యైనచో ఇంటనే తెలియును. అప్పు చేసి, పొలము అమ్మి, పరదేశమున తెలిసికొనుటకంటె అది మేలు.